అమ్మ ఎక్కని బెలూన్

బాపూ,

నువ్వు పోయాక ఇది రెండో బతుకమ్మ పండుగ. ఈసారి వరంగల్ శివారు మైదానంలో వేడిగాలి బెలూన్లు ఎగరేస్తున్నారని వినగానే, నాకంటే ముందు అమ్మే తయారైంది. పట్టుచీర కూడా కట్టింది.

తెల్లవారకముందే వెళ్లి వరుసలో నిలబడ్డాం. గాలి ఎటు వీస్తోందో చూడటానికి పైలట్ ముందుగా చిన్న నల్ల బుడగ ఒకటి వదిలాడు. అది మైదానం అంచున ఉన్న హైటెన్షన్ తీగల మీదికి పోయింది. కాసేపాగి వదిలిన రెండోదీ అటే పోయింది. ఇవాళ ఎగరడం కుదరదని చెప్పి, అతను పెద్ద బెలూన్‌ను మడత పెట్టించాడు.

"గంత దూరంల ఉన్న తీగలకు గింత భయమా?" అని మా వెనకాయన విసుక్కున్నాడు.

అమ్మ కూడా వంత పాడుతుందనుకున్నాను. ఎక్కడికెళ్లినా నువ్వు ముందు తలెత్తి తీగలు చూస్తావని, పెళ్లికొచ్చి పెళ్లికూతురినైనా చూడవని సణిగేది ఆమే కదా.

అమ్మ వెనక్కి తిరిగింది. "మా పిల్లల బాపు లైన్‌మన్. బతుకంత కరెంటు స్తంభాలెక్కిండు, ఆఖరికి ఇంట్ల మంచం మీద పోయిండు. గిట్ల సూసుకునేటోడు గనుకనే" అంది.

మేం వేడివేడి మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చాం.

సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా చేరారు. అమ్మ చేతిలో బతుకమ్మతో ఆగి, తలెత్తి పైకి చూసింది.

"జర గటు జరుగుండ్రి, ఈడ తీగలున్నయి" అంది.

నాకు నవ్వొచ్చింది బాపూ. ఆమె వెంట నేనూ జరిగాను.

నీ బిడ్డ