సార్ పెంచమన్న బరువు

అమ్మా, ఎలా ఉన్నావ్? ఇక్కడ మేమంతా బాగున్నాం. మావయ్య దగ్గు కూడా బాగానే ఉంది, పొద్దున్నే అందర్నీ అదే లేపుతోంది.

నీ మెసేజ్‌కి మాటల్లో జవాబిద్దామని రికార్డు నొక్కా. అత్త పక్కనే ఉందని ఆపేశా. అందుకే టైప్ చేస్తున్నా. కొంచెం పెద్దగా ఉంటుంది, డ్యూటీలో చదవకు, అన్నం తినేటప్పుడు చదువుకో.

పోటీలో గెలిస్తే ఇక్కడే ఉండి బాక్సింగ్ నేర్చుకోవాలి, ఓడిపోతే మానేసి నీ దగ్గరికొచ్చి పనిలో చేరాలి అనుకున్నాం కదా. అది ఆఖర్న చెప్తా. ముందు నువ్వడిగినవి.

తింటున్నావా అన్నావ్. తింటున్నా అమ్మా. ఎంతంటే, మొన్న అత్త ఖాళీ గిన్నె బోర్లించి చూపించి "వీడి కడుపులో ఇంకెవరైనా అద్దెకి దిగారేమో కనుక్కోండి" అంది. మావయ్య "దిగితే అడ్వాన్సు తీసుకో" అన్నాడు. ఈ తిండి వెనక పెద్ద కథే ఉంది, అదీ చెప్తా.

బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతావట కదా అని భయపడ్డావ్. మా బాక్సింగ్ సార్‌ని అడిగా. అంటే నేను కాదు, పక్కవాడితో అడిగించా. సార్ నవ్వారు. "తిండీ నిద్రా సరిగ్గా లేకపోతే ఎదగరు గానీ, పద్ధతిగా ఎత్తితే ఎందుకు ఆగిపోతార్రా" అన్నారు. ఆయన రాగానే ఇనప రాడ్డు ఇవ్వరమ్మా. నాకు మొదట్లో చీపురు కర్ర ఇచ్చారు. అది భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవాలి. "ఎలాగూ పట్టుకున్నావ్, ఆ మూల కూడా ఊడ్చెయ్" అని ఒకటే ఏడిపించారు. నడుం వంగకుండా లేవడం వచ్చాకే రాడ్డు ఇచ్చారు.

ఇంకోటి తెలుసా, గుద్దు చేతిలోంచి రాదట! ఇన్నాళ్ళూ చేతిలోంచే అనుకున్నా. పాదంతో నేలని తొయ్యాలి. ఆ బలం తొడలోకెక్కి, నడుం తిరిగి, భుజంలోంచి ఆఖర్న పిడికిలికి వస్తుంది. కాళ్ళకి బలం లేకపోతే చేతులు ఎంత ఊపినా గాలే. ఇదివరకు నేను గొలుసుకి వేలాడే ఇసక సంచిని కొడుతుంటే దుమ్ము దులుపుతున్నట్టుండేది. రాడ్డు ఎత్తడం మొదలెట్టాక ఒకరోజు కొడితే సంచి గొలుసుతో సహా ఊగింది. సార్ తల తిప్పి చూశారు. చూశారు, అంతే. ఆ రోజంతా నేను గాల్లోనే ఉన్నా.

నీ నడుం నొప్పికి కూడా ఇది పనికొస్తుంది. ఆస్పత్రిలో మనుషుల్ని మంచం మీంచి లేపేటప్పుడు దూరంగా నిలబడి వంగకు. బాగా దగ్గరికి జరిగి, మోకాళ్ళు వంచి, ఒంటికి ఆనించుకుని కాళ్ళతో లే. నువ్వు నాకంటే ఎక్కువే ఎత్తుతావ్ రోజూ. నీకు చెప్పే సార్ లేరు, అంతే.

ఇప్పుడు పోటీ సంగతి.

పోటీకి చాలా ముందు సార్ నా పక్కనుంచి వెళ్తూ "ఒరేయ్, బరువు పెంచు" అన్నారు. సరే సార్ అన్నా. ఏ బరువు సార్ అని అడగొచ్చు కదా. అడగలేదు. నీకు తెలుసుగా నా సంగతి. ఆయనేమో పెద్ద కుర్రాళ్ళని తీసుకుని వేరే ఊళ్ళో పోటీలకి వెళ్ళిపోయారు. నేను ఇంటికొచ్చి తినడం మొదలెట్టా. గుడ్లు, అరటిపళ్ళు, అన్నం మీద అన్నం.

పోటీ రోజు తూకం వేస్తారు. బరువు కలిసినవాళ్ళనే ఒకరితో ఒకర్ని ఆడిస్తారు. నేను ఎక్కగానే సార్ ముల్లు చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ముల్లు చూశారు.

"ఏంట్రా ఇది?"

"మీరే పెంచమన్నారు సార్."

"నేను పెంచమంది రాడ్డు మీదరా! ఒంటి మీద కాదు!"

తూకం వేసే ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

నా పాత బరువు వాళ్ళతో ఇంక కుదరదన్నారు. పై బరువులో ఒకడికి జోడీ లేడు. వాణ్ణి అందరూ ఫ్రిజ్ అంటారు. తూకంలో తేడా కొంచెమే గానీ, వాడి భుజాలు చూస్తే ఎందుకంటారో తెలిసిపోతుంది. సార్ "వద్దులేరా, ఇంటికి పోదాం" అన్నారు. "ఆడతా సార్" అన్నా. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆయనకే కాదు, నాకూ తెలీదు.

వాడు మీద పడి తోస్తుంటే ఇదివరకటి నేనైతే రింగు చుట్టూ ఉండే తాళ్ళకి అతుక్కుపోయేవాణ్ణి. ఈసారి కాళ్ళు కదల్లేదమ్మా! పాదాలు నేలలో దిగ్గొట్టినట్టు నిలబడ్డాయి. మూడో రౌండులో వాడి డొక్కలో ఒక్కటిచ్చా, వాడే వెనక్కి అడుగేశాడు. వెనక నుంచి ఎవరో "ఫ్రిజ్ జరిగిందిరోయ్!" అని అరిచారు. హాలంతా నవ్వులు. ఫ్రిజ్ కూడా నవ్వేశాడు.

ఓడిపోయా అమ్మా. పాయింట్ల మీద. అందుకే నువ్వు ఫోన్ చేస్తే తర్వాత చెప్తానని పెట్టేశా. పెదవి కొంచెం వాచింది, ఇప్పుడు తగ్గిపోయింది.

ఓడితే మానేస్తావా అని నువ్వడిగినప్పుడు ఊ అన్నా. అది మనసులో మాట కాదు. ఎదురు చెప్పడం రాక అన్నా. పనికి భయపడి కాదమ్మా, పొద్దున్న పనిచేసి సాయంత్రం నేర్చుకోమన్నా చేస్తా. ఓడిపోయి ఇంటికొస్తూ దారంతా నవ్వుకుంటూనే ఉన్నా. "ఓడినోడు ఇలా ఉంటాడేంట్రా" అన్నాడు మావయ్య. ఎందుకో ఇంకా ఎవరికీ చెప్పలేదు, ముందు నీకే చెప్తున్నా. నాకిది చాలా ఇష్టం అమ్మా. మానలేను. ఉండనివ్వవూ?

ఇట్లు,
నువ్వు ఏదో ఒకటి అనేదాకా ఫోన్ కింద పెట్టని
నీ చిన్నోడు