ప్రివ్యూలో కనిపించని మాట

ఆగస్టు 2004, గురువారం రాత్రి

చేపల లారీ లోడ్ల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌కి మా ఆఫీసులో ప్రసాద్ గారు రాసిన హెల్ప్ పేజీలను ఆయన పోయాక నెల రోజులుగా నేనే బిల్డ్ చేసి, అన్నీ కలిపి ఒక్క ఫైలుగా కడుతున్నాను. నా కంప్యూటర్లో ప్రివ్యూ చూస్తే అన్నీ శుభ్రంగా ఉన్నాయి. రేపు హనుమాన్ జంక్షన్ వ్యాపారికి సీడీ ఇవ్వాలి.

ఇవాళ మధ్యాహ్నం ఒక బొమ్మ మార్చాలని పేజీ సోర్స్, అంటే దాని వెనకుండే కోడ్, తెరిచాను. పాత లోడ్ల లెక్కలు ఎలా తీసేయాలో చెప్పే పేజీ అది. బ్రౌజర్‌లో కనిపించకుండా, సోర్స్ తెరిచినవాళ్ళకి మాత్రమే కనిపించేలా ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టారు: "ఇక్కడ తప్పుంది. ముందు బ్యాకప్ తీయమని చెప్పకపోతే డేటా అంతా పోతుంది. పద్మజ గారికి చూపించాలి."

పేజీలో బ్యాకప్ మాట కోసం వెతికాను. ఎక్కడా లేదు.

నెల కిందట ఒక సాయంత్రం బెంజ్ సర్కిల్లో ఆఫీసు మెట్ల మీద ఆయన నన్ను ఆపారు. "పద్మజ గారూ, ఒక్క నిమిషమండీ, ఒక పేజీ చూపించాలి."

"బస్సు వెళ్ళిపోతుందండీ, రేపు చూద్దాం" అన్నాను.

ఆ రాత్రే గన్నవరం దగ్గర ఆయన బండిని లారీ గుద్దింది.

"ఇంకా అవ్వలేదేంటమ్మా?" అని ఇవాళ సాయంత్రం మేనేజరు గారు అడిగితే, "ఒక్క పేజీ ఉందండీ" అన్నాను. ముందు బ్యాకప్ తీయమని ఒక లైను కలిపి తప్పు సరిచేశాను. ఆయన రాసిన మాటలు చెరపడానికి మాత్రం చెయ్యి రాలేదు. మిగతా పేజీల సోర్స్ పొద్దున్నే వెళ్ళి తెరవాలి. వాటిలో ఇంకా ఏం రాసి పెట్టారో...

ఇంటికి వచ్చే ముందు మళ్ళీ బిల్డ్ చేసి ప్రివ్యూ చూశాను. పేజీ శుభ్రంగా ఉంది.

నిన్న కూడా ఇంతే శుభ్రంగా ఉంది.