డ్రమ్ములోని గంట

నవంబరు 29, మంగళవారం

అమ్మా,

ఈ రోజు పొద్దున్నే ఎదురైన మొదటి వింత: ఆడవాళ్ళ తోట తలుపుకు తాళం పడింది. మేకలు దూరకుండా తాడుతో కట్టుకునే కర్రల తలుపు కదా అది. దానికిప్పుడు ఇనుప గొలుసు, అరచేయంత తాళం.

ముందు పలకరింపు కానివ్వాలి. ఇంటివాళ్ళెక్కడ అని నువ్వడుగుతావు, ఇక్కడే ఉన్నారంటాను. అవ్వ ఉంది, నాన్న ఉన్నాడు, మేకలూ ఉన్నాయి. అంతా శాంతేనా అంటావు. శాంతే అని రాయాలి. ఆ ఒక్క మాట రాయలేక కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ ఉత్తరం వ్యాను డ్రైవరు డెంబో చేత పంపుతున్నాను. ఫోను కొట్లో మాట్లాడితే వరసలో ఉన్న వాళ్ళందరూ వింటారు.

తమ్ముడు సైకూ కాలి కట్టు విప్పారని నీ ఉత్తరంలో చదవగానే అవ్వ రెండుసార్లు చదివించుకుంది. ఆసుపత్రి గంజి తినలేక పేచీ పెడుతున్నాడన్నావు. వేయించిన వేరుశనగ పొడి పంపుతున్నాను, గంజిలో కలిపి పెట్టు.

అవ్వ ఓటేసిందా అని అడిగావు. వేసింది, నవ్వులపాలూ అయింది. మన బడి గదిలోనే పోలింగు. లోపల రెండు డ్రమ్ములు, ఒకటి దేశాన్నేలే పెద్దాయనది, ఇంకొకటి ఆయనకు ఎదురు నిలబడినాయనది. అవ్వ ఓటుకిచ్చే గోళీ తీసుకుని తెర చాటుకు వెళ్ళింది. ఒక డ్రమ్ము గొట్టంలో గోళీ వేసింది, లోపలి గంట మోగింది. అయినా బయటికి రాదు.

"ఇంకో గోళీ ఇవ్వు నాయనా, నాది మోగలేదు" అంటుంది.

"మోగింది అవ్వా, మేమంతా విన్నాం" అంటాడు అధికారి.

వరసలోంచి తీదా సన్నే పిన్ని అరిచింది: "నీకు వినపడాలంటే ఆ గొట్టంలో గుమ్మడికాయ వెయ్యాలే ముసలీ!"

"నీ నోట్లో వేస్తాను గుమ్మడికాయ! ముందు నీ చెవులు ఎవరికి అమ్ముకున్నావో చూసుకో!" అంది అవ్వ. వాళ్ళవి ఒకరినొకరు ఎంత మాటన్నా తప్పుపట్టని వేళాకోళాల వంశాలు కదా, అధికారులు కూడా ఆపలేదు.

ఆ రోజు నాకు గుమ్మం దగ్గర పని ఇచ్చారు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి వేలు సిరాలో ముంచాలి. సైకిలు గంటలు విని డ్రమ్ము గంటలనుకుని పొరపడతామని సైకిళ్ళను చుట్టుపక్కలకు రానివ్వలేదు. అంత నిశ్శబ్దంలో ఆ మోతలు ఎంత స్పష్టంగా వినపడ్డాయో!

పెద్దాయనే మళ్ళీ గెలిచాడు. అది రేడియోలో వినే ఉంటావు.

ఇక ఉల్లిమళ్ళు ఎవరు తడుపుతున్నారని అడిగావు. మన మళ్ళు పచ్చగా ఉన్నాయమ్మా. అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఈ పొద్దున ఊరి పెద్దగారి కొడుకు ఫోడే బాబాయి తోట తలుపు ముందు నిలబడి పదకొండు మంది పేర్లు చదివాడు. "ఈ పదకొండు మందికీ ఇక్కడ నేల లేదు, నీళ్ళూ లేవు. నేల మా నాన్నది. ఎవరి గోళీ ఎటు పోయిందో మాకు తెలుసు. వీళ్ళ వంగ, టమాటా వీళ్ళు నమ్ముకున్న ఆయన వచ్చి తడుపుతాడు" అన్నాడు. మొదటి పేరు తీదా పిన్నిది. నువ్వు ఊళ్ళో లేవు కాబట్టి నీ పేరు లేదు. పైగా మిగతావాళ్ళతో పాటు మన అవ్వ చేతికీ ఒక తాళంచెవి ఇచ్చాడు.

మాన్సాతా పిన్ని పేరు కూడా ఆ పదకొండులో లేదు. అందరికీ జడలు అల్లేది ఆవిడే, అందరూ మనసు విప్పేదీ ఆవిడ ముందే. తీదా పిన్ని తిన్నగా ఆవిడ మీదికి పోయింది.

"నా తల నీ ఒళ్ళో పెట్టి చెప్పానే! నా గోళీ ఎటు వేశానో మొగుడికి కూడా చెప్పని మాట. దాన్ని ఎన్ని మళ్ళకు అమ్ముకున్నావు?"

"నా నోటినుంచి రాలేదు తీదా. నా బిడ్డల మీద ఒట్టు."

"ఆ బిడ్డల కడుపు నింపుకోవడానికేగా అమ్మింది!"

తీదా పిన్ని ఆవిడ నీళ్ళు మోసే సొరకాయ బుర్రను తలుపుకేసి కొట్టింది. అది రెండు చెక్కలైంది. మధ్యాహ్నం బావి దగ్గర మాన్సాతా పిన్ని ఒక్కొక్కరినీ "ఇంటివాళ్ళెక్కడ?" అని పలకరించింది. ఒక్కరూ "ఇక్కడే ఉన్నారు" అనలేదు. పలకరింపుకు బదులు రాని మనిషిని నేను మొదటిసారి చూశాను. ఖాళీ బిందెతో వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంకా నోటుపుస్తకంలో మాటలు పోగేస్తున్నావా అని నువ్వడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. దాన్ని కావాలనే చివరికి ఉంచాను.

పోగేశానమ్మా. పెద్దాయన డ్రమ్ము కొత్తది, దాని గంట ఖంగున మోగి, నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా మోత కాసేపు నిలిచేది. రెండోదాని గంట ఎక్కడో పగిలినట్టుంది, దగ్గు ఆపుకున్నట్టు ఒక్కసారి "టక్" మని ఊరుకునేది. ఇంత తేడా నేను తప్ప ఎవరూ గమనించలేదని పొంగిపోయాను. తోట ఆడవాళ్ళ మీద ఒక వ్యాసం రాద్దామని, ఎవరు ఎలా నడిచి లోపలికి వెళ్ళారో, వాళ్ళ గంట ఎలా మోగిందో పేరుపేరునా రాసుకున్నాను. తీదా పిన్ని గురించి ఏం రాశానో తెలుసా? "ఆమె నవ్వుతూ వెళ్ళింది, గంట మాత్రం దగ్గింది."

శుక్రవారం ఫోడే బాబాయి ఏం రాస్తున్నావని అడిగాడు. ఈ ఊళ్ళో నా రాతలు అడిగి చదివే మనిషి ఆయనొక్కడే. ఇచ్చేశాను. మర్నాడు తిరిగి ఇస్తూ, "ఆ దగ్గు మాట భలే రాశావు. పట్నంలో పెద్ద బడికి నీ గురించి ఉత్తరం రాస్తాను. వచ్చే ఎన్నికలకు కూడా గుమ్మం దగ్గర నువ్వే కూర్చోవాలి" అన్నాడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఇంటిదాకా గెంతుకుంటూ వచ్చాను. ఈ పొద్దున ఆయన చదివిన పేర్లు నా పుస్తకంలోని వరసలోనే ఉన్నాయి.

నాన్నకు చెప్పాను. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. తర్వాత, "నోరు విప్పితే ఆ తాళంచెవి పోతుంది, నీ చదువు పోతుంది. ఫోడే అంతటితో ఆగడు" అన్నాడు. చెప్పొద్దని మాత్రం అనలేదు.

భయంగా ఉందమ్మా. నువ్వుంటే నీ వెనక నడిచేదాన్ని. రేపు తెల్లవారుజామున నమాజు అవగానే, ఆడవాళ్ళు బావి దగ్గరికి చేరకముందే, మొదట మాన్సాతా పిన్ని ఇంటికి వెళ్తాను. ఆవిడ బదులిచ్చినా ఇవ్వకపోయినా పలకరిస్తాను. తర్వాత ఆవిడను వెంటబెట్టుకుని తీదా పిన్ని గుమ్మం ముందు నిలబడి, ఆ పేజీ నేనే బిగ్గరగా చదువుతాను. తీదా పిన్ని చేతిలో పెట్టడానికి అవ్వనడిగి తీసుకున్న తాళంచెవి ఇప్పటికే నా కొంగుకు కట్టుకున్నాను.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
సార్జో