వేట లేని నెలలు

రాజమండ్రి

ప్రియమైన శ్రీవారికి,

మీ రమ్యశ్రీ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. ఓడ మీద మీరూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ఫోన్ కలిస్తే అత్తయ్యే మాట్లాడేస్తారు, నా వంతు వచ్చేసరికి సిగ్నల్ పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

అత్తయ్య మోకాళ్ల నొప్పి గురించి అడిగారు. తగ్గింది. చేపల మార్కెట్‌కి తనే వెళ్తున్నారు. అక్కడ బేరం కుదరకపోతే కోపం మాత్రం నా మీద చూపిస్తున్నారు. రమణ చదువు గురించీ అడిగారు. అది కాస్త తీరిగ్గా చెప్పాలి.

యూనివర్సిటీలో మీ తమ్ముడు నా ఫైనాన్స్ క్లాసులోనే ఉన్నాడు కదా. వేట పడవ కొంటే ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందో లెక్కకట్టమని అసైన్‌మెంట్ ఇచ్చాను. దిద్ది, గ్రేడ్లు క్లాసు గ్రూపులో పెట్టాను. రమణకి ‘ఏ’. మొగల్తూరు అమ్మాయి వీరదుర్గకి ‘బి’. ఏడాదికి పది నెలల ఆదాయమే వేసిందని తగ్గించాను.

మర్నాడు క్లాసులో రమణ లేచాడు.

"మేడం, దుర్గ రాసిందే కరెక్టండి. వేసవిలో రెండు నెలలు చేపల వేట నిషేధం కదండి. పడవ ఒడ్డునుంటే ఆదాయం ఎక్కడిదండి? నాకది తెలిసి కూడా, మీరు పన్నెండు నెలలే అనుకుంటారని అలా వేశానండి. నా గ్రేడు తగ్గించండి."

వేట చేసే ఇంటికి కోడలినై ఉండి నాకే తట్టలేదు! సిగ్గేసింది. దానికి రెట్టింపు గర్వమేసింది. తప్పు నాదేనని అందరికీ చెప్పి, మొత్తం మళ్లీ దిద్దాను.

ఇక, రాయడానికి వెనకాడుతున్న మాట. బ్యాంకు వాళ్లు ఉద్యోగానికి, ఈ అసైన్‌మెంట్‌లో ‘ఏ’ వచ్చినవాళ్లనే ఇంటర్వ్యూకి పిలుస్తున్నారు. అది తెలిసీ మీ తమ్ముడికి ‘బి’ వేశాను. వేసేముందు మాత్రం అందరికీ ‘ఏ’ ఇచ్చేసి ఊరుకుందామనుకున్నాను. ఇంటికొచ్చాక వాడే తేల్చేశాడు.

"వదినా, నాకు గానీ ‘ఏ’ వేశావంటే రేపట్నుంచి నిన్ను మేడం అని పిలవను."

సరిచేసిన గ్రేడ్లు గ్రూపులో పెట్టాను. దుర్గ ఇంటర్వ్యూకి వెళ్లింది. రమణ వెళ్లలేదు.

దాంతో అత్తయ్య నాతో మాట మానేశారు. ఏమని బతిమాలను? నిన్న పక్కింటి బుల్లెమ్మగారు గోడ మీదుగా "మీవాడికి ఏ గ్రేడొచ్చిందండి?" అని అడిగారు. నేను వంటింట్లోంచి చెవి ఒగ్గాను. అత్తయ్య గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"బీ అండి. మావాడే క్లాసులో లేచి, అడిగి మరీ వేయించుకున్నాడండి!"

ఇట్లు,
మీ ఇల్లాలు
రమ్యశ్రీ