ఫొటోలో ఉన్నది నువ్వే, సరళా

సరళా,

పురావస్తు తవ్వకాల్లో పనిచేసిన ఆడవాళ్ల గురించి నిన్న ఉప్పల్‌లో సభ పెట్టారు. నువ్వు లేవు కాబట్టి నన్ను పిలిచారు. తెర మీద మన తవ్వకం ఫొటో వేశారు. రాతి సమాధి గుంటలో తల వంచుకుని, ఎముకల మీది మట్టిని కుంచెతో దులుపుతున్నది నువ్వు. కింద మాత్రం నా పేరు రాశారు. ఆ రోజు నేను గట్టు మీద నీకు గొడుగు పట్టాను, అంతే.

శాలువా కప్పుతున్నప్పుడే చెప్పాల్సింది. చప్పట్లు వింటూ హాయిగా కూర్చున్నాను.

బయటికి రాగానే నీ కూతురు లావణ్య ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ ఉంటే నిన్ను జూసి మస్తు సంబురపడేది పెద్దమ్మా!"

నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆ ఫొటోల ఉన్నది మీ అమ్మ, బిడ్డా. నేను కాదు."

"మరి స్టేజీ మీద ఎందుకు చెప్పలే?"

భుజం మీది శాలువా తీసి మడత పెట్టాను.

ఈరోజు ఇద్దరం మళ్లీ వెళ్లాం. సభ పెట్టినవాళ్లకు నిజం చెప్పి, పేరు మార్పించాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో లావణ్య అడిగింది.

"అమ్మ ఇంట్ల గీ ముచ్చట ఎన్నడు చెప్పలే. నువ్వన్న చెప్పు."

నాచారం వచ్చేదాకా నీ గురించి చెబుతూనే ఉన్నాను. అన్నీ విన్నది. నా వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

నీ
విమల