ఉప్మా పొయ్యిలో దగ్ధమైన పన్నెండు బొగ్గు నమూనాలు

శ్రీయుత డైరెక్టరు గారి సముఖమునకు,
ఇంధన పరిశోధనశాల, ఆబిడ్స్, హైదరాబాదు.
తేది: 8-2-1968

అయ్యా,

విషయం: క్యాంటీను వంటమనిషి భూమయ్యపై నేనిచ్చిన ఫిర్యాదును ఉపసంహరించుకొనుట గురించి.

పరిశోధన సహాయకుడు తాతారావు అను నేను మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా:

1. బొగ్గులోంచి వాయువు ఎంత సులువుగా పారగలదో కొలుచుటకు గని నుంచి తెప్పించిన నమూనాలను గత నెల 29న నాంపల్లి స్టేషను పార్సిలు ఆఫీసులో నేనే విడిపించి తెచ్చితిని. 31న అవి క్యాంటీను పొయ్యిలో ఉండెను. ఆ పొయ్యిపై వండిన ఉప్మాను తమరూ ఆరగించి, బాగున్నదని సెలవిచ్చియుంటిరి.

2. నా ఫిర్యాదుపై భూమయ్యను పని నుంచి తొలగించి ఎనిమిది రోజులైనది. నాటి నుంచి సిబ్బంది యావన్మందీ టీ కోసం ఆబిడ్స్ హోటళ్ళకు పోయి, పదకొండుకు గానీ తిరిగి రావడం లేదు. పరిశోధన కుంటుపడినదని మనవి.

3. సదరు భూమయ్య సామాన్యుడు కాడు. బెల్లంపల్లి గనిలో పదకొండేళ్ళు పనిచేసినవాడు. బొగ్గు ముక్కను పెదవికి ఆనించి ఊది, "గిది గాలి ఇడువది సారూ, గదైతే ఇడుస్తది" అనేవాడు. మన యంత్రం సాయంత్రానికి అదే చెప్పేది. రాతి పొరల్లో చిక్కిన చమురును నీటితో నెట్టి బయటికి తీయడమెలాగని నూనె విభాగం వారు మూడేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. భూమయ్య ఖాళీ నూనె డబ్బాలో వేన్నీళ్ళు పోసి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి తాలింపు పెట్టేవాడు. దానిపై వ్యాసం రాయకపోవడమొక్కటే అతని లోపం.

4. ఇంక దాచలేను. నమూనాలకు వచ్చిన రోజే తడిగుడ్డ చుట్టి మైనం పూయాలి. ఆరితే బీటలు వారతాయి, ఆపైన కొలిచినా తప్పు లెక్కే. నుమాయిష్ ఎగ్జిబిషను చూడబోయే తొందరలో పెట్టె మూత తీసి ఎండ పడే కిటికీ దగ్గరే వదిలేశాను. రెండు రోజుల తర్వాత ఆ ముక్కలు చూసి భూమయ్యే, "పరేషాన్ కాకున్రి సారూ, పొయ్యిల ఏస్త. అడిగితే ఎరుకలేక కాలవెట్టిన అంట" అన్నాడు. నేను సరేనన్నాను. తీరా తమరు అడిగేసరికి నా ఉద్యోగం ఖాయమయ్యే కాగితం కళ్ళ ముందు ఆడింది. ఫిర్యాదు రాశాను. అందులో "దొంగతనముగా" అన్న మాట కూడా చేర్చాను. సిగ్గుగా ఉంది.

సంగతి విని మా ఆవిడ వరలక్ష్మి, "అతని పొయ్యి ఆర్పి మన పొయ్యి వెలిగించుకుంటామా అండీ?" అన్నది. తర్వాత నాతో మాటలు మానేసినది.

కావున భూమయ్యను తిరిగి పనిలోకి తీసుకొని, శిక్ష ఏదైనా నాకే విధింప ప్రార్థన. తప్పు నాదిగా చిత్తగించవలెను.

ఎనిమిది రోజులు ఆలస్యంగా,
తమ విధేయుడు,
తాతారావు

తా.క.: నిన్న భూమయ్య ఇంటికి వెళ్ళి ఈ అర్జీ సంగతి చెప్పాను. "గిదంత రాయకున్రి సారూ, మీ నౌకరి పోతది. నాకేంది, మల్ల గనికి పోత" అన్నాడు. ఆ ముక్క చెప్పేలోపు మూడుసార్లు దగ్గాడు. ఆ దగ్గు వల్లనే గని వదిలి వచ్చినవాడు. రేపు పొద్దుటి బండి నాంపల్లిలో ఎక్కేస్తాడట. అందుకని దీన్ని టపాలో వేయక చేతికే ఇస్తున్నాను. అతణ్ణి తిరిగి తీసుకొమ్మని తమరు సంతకం చేసేదాకా గది బయటే నిలబడి ఉంటాను.