ఆంబులెన్స్ వద్దన్నావు

స్రవంతీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదువుకోడానికి ఈ దేశం వచ్చి మన అపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన మేఘన, పొద్దున యూనివర్సిటీ ప్లాన్ ఖరీదని నీలాగే బయటి చౌక ఇన్సూరెన్స్ తీసుకోబోయింది. "మనకేం అవుతుంది అక్కా?" అని నవ్వింది.

అప్పుడు నీ సంగతి చెప్పాను. పార్కింగ్‌లో నీ బ్యాగు లాక్కోబోయినవాడు, నువ్వు వదలకపోయేసరికి కడుపులో మూడుసార్లు పొడిచాడు. గాయాన్ని అదిమిపట్టినా నెత్తురు నా వేళ్ల సందుల్లోంచి చిమ్ముతూనే ఉంది. ఫోన్ తీస్తే నువ్వు నా మణికట్టు పట్టుకున్నావు.

"ఆంబులెన్స్ వద్దే. నా ప్లాన్‌లో కవర్ అవ్వదు, వేల డాలర్ల బిల్లు వస్తుంది. క్యాబ్ బుక్ చెయ్."

క్యాబ్ వచ్చేలోపే నీ చెయ్యి జారిపోయింది.

మేఘన ఏడుస్తూ యూనివర్సిటీ ప్లాన్‌కే అప్లై చేసింది. ఆంబులెన్స్ ఆలస్యమైందని అప్పట్లో మీ అమ్మకు చెప్పాను. నీ మాట విని క్యాబ్ పిలిచానని మొదటిసారి మేఘనకే చెప్పాను.